జాన్ పాల్ జోన్స్ రష్యా కొలువు: జీవిత చరిత్రలపై ఒక పరిశీలన

ఒక మనిషి జీవిత చరిత్ర వ్రాయటమంటే అతని గురించి సాక్ష్యం చెప్పటమే. ఆ సాక్షి ఎవరు, ఎక్కడ నిలబడి చూశాడు, ఎవరి నోట విన్నాడు, చెప్పటంలో అతనికి గల స్వార్థమేమిటి అన్న ప్రశ్నలు వేయకుండా సాక్ష్యాన్ని స్వీకరించటం మన విద్యా సంప్రదాయం కాదు. హదీసువేత్తలు ఈ ప్రశ్నల చుట్టూ ఒక శాస్త్రాన్నే నిర్మించారు. ఇమామ్ ముస్లిం తమ 'సహీహ్' గ్రంథాన్ని ఆరంభించినదే రావీల చర్చతో. ఇబ్నె ఖల్దూన్ ఇదే దృష్టిని చరిత్ర రచనకు విస్తరింపజేసి, వార్తను తెచ్చినవాణ్ణే గాక ఆ వార్త లోక స్వభావానికి పొసగుతుందా లేదా అన్నదీ చూడాలన్నాడు.

విచారకరమేమంటే ఈ శాస్త్రాన్ని మనం మదరసా గోడల మధ్యనే వదిలి వస్తున్నాం. పాశ్చాత్యుల చరిత్ర గ్రంథం చేతికి వచ్చినప్పుడు అచ్చు అక్షరాన్ని తలవంచి నమ్మటమో, వ్రాసినవాడు పరాయివాడు గనుక అంతా అబద్ధమని త్రోసివేయటమో చేస్తున్నాం. ఈ రెండూ పరీక్ష పెట్టే శ్రమ నుండి తప్పించుకునే మార్గాలే.

ఈ వ్యాసానికి తీసుకున్న ఉదాహరణ జాన్ పాల్ జోన్స్ (1747–1792). అమెరికా నౌకాదళ పితామహుడని ఆ దేశం గౌరవించే ఈ స్కాట్లండ్ నావికుడు 1788లో రష్యా మహారాణి రెండవ కాథరిన్ కొలువులో చేరి, నల్ల సముద్రపు ముఖద్వారంలో ఉస్మానియా నౌకాదళంతో యుద్ధం చేశాడు. అతని మీద ఇంగ్లీషులో అనేక గ్రంథాలు వెలువడ్డాయి. వాటిలో రష్యా ఘట్టం సాధారణంగా కథానాయకుని చివరి కష్టాల అధ్యాయంగా మాత్రమే వస్తుంది. మనకు మాత్రం అదే ముఖ్యాధ్యాయం. ఎందుకంటే ఆ తుపాకుల ఎదుట ఉన్నది ముస్లిం రాజ్యపు నౌకాదళం. ఆ ఎదుటి పక్షాన్ని ఈ గ్రంథాలు ఎలా చూపాయి? జోన్స్ మాటలో నమ్మదగినదెంత? అతని పట్ల మనం న్యాయంగా ఉండగలమా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం వెదకటమే ఈ పరిశీలన ఉద్దేశం.

కొలువుల కాలం

జోన్స్ అసలు పేరు జాన్ పాల్. స్కాట్లండ్ నైరుతి తీరాన కిర్క్‌బీన్ ప్రాంతంలో ఒక తోటమాలి కొడుకు. 13వ ఏట ఓడ ఎక్కాడు. యౌవనంలో కొంతకాలం బానిసలను రవాణా చేసే ఓడలలో పనిచేసి, 1768 నాటికి ఆ వ్యాపారాన్ని ఏవగించుకుని వదిలివేశాడు. 1773లో టొబాగో దీవిలో తిరగబడిన నావికుణ్ణి కత్తితో చంపి, విచారణకు నిలబడకుండా పారిపోయి వర్జీనియా చేరి, 'జోన్స్' అన్న పేరు తగిలించుకున్నాడు. 1775 డిసెంబరులో అమెరికన్ వలసల నౌకాదళంలో లెఫ్టినెంటు అయ్యాడు. 1778లో తాను బాల్యంలో ఓడ పని నేర్చిన వైట్‌హేవెన్ రేవు మీదనే దాడి చేశాడు. 1779 సెప్టెంబరు 23న ఫ్లాంబరో హెడ్ వద్ద 'బోన్ ఓమ్ రిషార్' నౌకతో బ్రిటిష్ నౌక 'సెరాపిస్'ను లొంగదీశాడు. స్వంత నౌక మునిగిపోయినా శత్రువు నౌకను చేజిక్కించుకుని బయటపడ్డాడు. ఫ్రాన్సు రాజు 16వ లూయీ అతనికి ఖడ్గం బహూకరించాడు.

స్వాతంత్ర్య యుద్ధం ముగిశాక అమెరికా తన నౌకలను అమ్ముకున్నది. నౌకలు లేని దేశంలో నౌకాధికారికి పని ఏముంటుంది? రష్యా పిలుపు అటువంటి సమయంలో వచ్చింది. పారిస్‌లోని రష్యా రాయబారి ప్రయత్నించాడు. అక్కడే అమెరికా రాయబారిగా ఉన్న జెఫర్సన్‌కు ఈ సంగతి తెలుసు. 1788 వసంతంలో జోన్స్ స్వీడన్ నుండి బాల్టిక్ సముద్రాన్ని మంచుగడ్డల మధ్య మూత లేని చిన్న పడవలో దాటి, రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరాడు. మహారాణి రియర్ అడ్మిరల్ హోదా ఇచ్చింది. అమెరికా పౌరసత్వాన్ని మాత్రం వదులుకోనన్నాడు.

ఒక దేశపు పౌరుడు మరొక దేశపు నౌకాదళంలో చేరి, తనకు ఏ విరోధమూ లేని మూడవ దేశంతో యుద్ధం చేయటం నేటి పాఠకునికి వింతగా తోచవచ్చు. 18వ శతాబ్దంలో అది వింత కాదు. అప్పట్లో విధేయత రాజుకు, జీతానికి, హోదాకు సంబంధించినది. రష్యా బాల్టిక్ నౌకాదళాన్ని నడిపినవాడు శామ్యూల్ గ్రెగ్ అనే మరొక స్కాట్లండ్ నావికుడు. ఇతడు 1764లో రష్యా కొలువులో చేరి, 1770లో చెష్మె రేవులో ఉస్మానియా నౌకలను తగులబెట్టిన దళానికి నాయకత్వం వహించి, 1788లో రష్యా అడ్మిరల్‌గానే మరణించాడు. అతని సమాధి టాలిన్ నగరపు పెద్ద చర్చిలో ఉన్నది. అతని కొడుకు అలెక్సీ గ్రెగ్ 1828లో నల్ల సముద్రపు నౌకాదళాధిపతిగా ఉస్మానియా కోట వార్నాపై దాడిలో పాల్గొన్నాడు. తండ్రి చేసిన కొలువు కొడుకుకు స్వదేశమయింది. అదే బాల్టిక్ దళంలోని బ్రిటిష్ అధికారులు జోన్స్‌తో కలిసి పనిచేయబోమని భీష్మించారు. అతణ్ణి నల్ల సముద్రానికి పంపారు.

మన దక్కన్‌కు కూడా ఈ పద్ధతి కొత్త కాదు. ఫ్రెంచివాడైన రేమాన్ నిజాం అలీ ఖాన్ కొలువులో సేనాధిపతియై 1798లో మరణించాడు. హైదరాబాదులో అతని సమాధి నేటికీ ఉన్నది. అతని పేరే మారి మూసారాంబాగ్‌లో నిలిచిందని నగర ప్రజలు చెప్పుకుంటారు.

ఇక జోన్స్‌కు ఎదురు నిలిచిన ఉస్మానియా నౌకాదళాధిపతి గాజీ హసన్ పాషా ఎవరు? కాకసస్ ప్రాంతం నుండి బానిసగా వచ్చి, తెకిర్దాగ్ వర్తకుని ఇంట పెరిగినవాడు. అల్జీరియాకు వెళ్ళి అక్కడి పాలకుని కొలువులో పైకి వచ్చి, విరోధం కలిగి పారిపోయి, స్పెయిన్, నేపుల్స్‌ల మీదుగా ఇస్తాంబుల్ చేరి ఉస్మానియా నౌకాదళంలో కెప్టెన్ అయ్యాడు. చెష్మెలో అతని నౌక కాలిపోయినా గాయాలతో బ్రతికి బయటపడ్డాడు. ఆ పరాజయం తర్వాత నౌకాదళాన్ని తిరిగి నిర్మించే బాధ్యత అతనిపై పడింది. 1773లో మొదలైన నౌకా ఇంజనీరింగు పాఠశాలకు అతని అండ ఉన్నది.

ఇద్దరి జీవితాలనూ ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. ఇద్దరూ పేదరికం నుండి వచ్చినవారు. ఇద్దరూ ఒక కొలువు నుండి పారిపోయి మరొక కొలువులో పేరు తెచ్చుకున్నవారు. కాని గ్రంథాలలో జోన్స్ సాహసికుడు, హసన్ పాషా క్రూరుడైన తురుష్క సేనాని. ఒకే తరహా జీవితానికి రెండు పేర్లు ఎలా వచ్చాయి? ఈ ప్రశ్నను జీవిత చరిత్రకారులు వేసుకోలేదు.

లిమాన్ జలాలలో

యుద్ధానికి కారణం క్లుప్తంగా చెప్పుకుందాం. 1774 నాటి కూచుక్ కైనార్జా సంధి క్రిమియాను ఉస్మానియా పాలన నుండి విడదీసింది. 1783లో రష్యా ఆ ముస్లిం దేశాన్ని తనలో కలుపుకున్నది. దాన్ని తిరిగి పొందాలన్న ఆశతో 1787 ఆగస్టులో ఉస్మానియా ప్రభుత్వం యుద్ధం ప్రకటించింది. టిప్పు సుల్తాన్ పంపిన రాయబార బృందం సరిగ్గా ఆ కాలంలోనే ఇస్తాంబుల్‌లో ఉన్నది. ఇంగ్లీషువారికి వ్యతిరేకంగా సహాయం అర్థించిన ఆ బృందానికి ఆదరణ లభించింది గాని సైనిక సహాయం లభించలేదు. రష్యాతో పోరాడుతున్న సుల్తాన్‌కు ఇంగ్లీషువారి స్నేహం అవసరమయింది. కనుక నల్ల సముద్రపు ఆ యుద్ధం మన దేశ చరిత్రకు బొత్తిగా దూరమైనదేమీ కాదు.

ద్నీపర్, బూగ్ నదులు నల్ల సముద్రంలో కలిసే చోటున ఉన్న లోతు తక్కువ జలాశయమే లిమాన్. దాని ద్వారం ఇరుకైనది. ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా కోట ఓజీ; రష్యన్లు దాన్ని ఓచకోవ్ అంటారు. దక్షిణాన కిన్‌బర్న్ ఇసుక దిబ్బ మీద రష్యా సేనాని సువోరోవ్. లోపల రష్యా దళం రెండు భాగాలు: జోన్స్ కింద తెరచాప నౌకలు, నసావ్-సీగెన్ రాకుమారుని కింద తెడ్లతో నడిచే చిన్న పడవలు. ఈ రాకుమారుడు కూడా పరదేశీయుడే. ఇద్దరికీ మొదటి నుండి పొసగలేదు. ఇద్దరిపైన ఉన్నవాడు మహారాణికి ఆప్తుడైన పొట్యోమ్‌కిన్.

1788 జూన్ మాసంలో పోరాటాలు జరిగాయి. హిజ్రీ లెక్కన అది 1202 రమజాన్ మాసం. ఓజీ కోటను కాపాడటానికి వచ్చిన హసన్ పాషా తన పెద్ద నౌకలను ఆ లోతు తక్కువ నీళ్ళలోకి తెచ్చాడు. ఇది అతని పొరపాటు. సముద్రంలో బలమైన నౌక ఇసుక మేటల మధ్య బంధిఖానా అవుతుంది. అతని స్వంత నౌకే నేల తగిలి నిలిచిపోయింది. తిరిగి సముద్రంలోకి పోబోయిన నౌకలపై కిన్‌బర్న్ దిబ్బ మీది ఫిరంగులు రాత్రివేళ నిప్పులు కురిపించాయి. ఆ ఫిరంగులను అక్కడ పెట్టమన్నది తానేనని జోన్స్ వ్రాసుకున్నాడు. అనేక నౌకలు మేటలలో చిక్కుకున్నాయి. తెల్లవారాక నసావ్ పడవలు వాటిని చుట్టుముట్టి తగులబెట్టాయి.

విజయం వచ్చింది, పంపకంలో అన్యాయం జరిగింది. నసావ్‌కు పెద్ద బిరుదు, జమీందారీ దక్కాయి. జోన్స్‌కు దక్కింది సెయింట్ ఆన్ పతకం. ఆ శరత్కాలంలోనే పొట్యోమ్‌కిన్ అతణ్ణి తొలగించి రాజధానికి పంపివేశాడు. ఓజీ కోట 1788 డిసెంబరు 17న రష్యన్ల వశమయింది. కోటలోని వారిని పెద్ద ఎత్తున ఊచకోత కోశారు. అప్పటికి జోన్స్ అక్కడ లేడు.

రావీల పరీక్ష

ఇప్పుడు సాక్షుల వద్దకు వద్దాం. జోన్స్ గురించి ప్రజలకు తెలిసిన విషయాలలో కొన్ని ఎటువంటి ఇస్నాద్ మీద నిలిచాయో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

మొదటిది, 'సెరాపిస్' యుద్ధంలో లొంగిపొమ్మన్న శత్రువుకు అతడిచ్చినట్లు చెప్పే ప్రసిద్ధ సమాధానం. అమెరికాలో బడిపిల్లలకు కూడా నోటికి వచ్చే ఆ మాట, అతని లెఫ్టినెంటు రిచర్డ్ డేల్ చెప్పిన కథనం ద్వారా 1825లో, అంటే యుద్ధం జరిగిన 46 ఏళ్ళకు అచ్చయింది. డేల్ ప్రత్యక్ష సాక్షి, నిజాయితీపరుడు. కాని అన్నేళ్ళ తర్వాత పదాలు యథాతథంగా జ్ఞాపకముంటాయా? భావం నిజమై ఉండవచ్చు, పదాలకు పూచీ లేదు. ఇటువంటి వార్తను భావం మేరకు స్వీకరించటం మనవారికి తెలిసిన పద్ధతే.

రెండవది మరీ విచిత్రం. 1900లో ఆగస్టస్ బ్యూయెల్ అనే రచయిత జోన్స్ జీవిత చరిత్రను రెండు సంపుటాలుగా ప్రకటించాడు. గ్రంథం గొప్పగా అమ్ముడుపోయింది. అందులోని పత్రాలను, ఉత్తరాలను అతడు స్వయంగా కల్పించాడని తర్వాత తేలింది. 1906లో అన్నా డి కోవెన్ అనే రచయిత్రి ఈ మోసాన్ని బయటపెట్టింది. అయినా నౌకాధికారికి ఉండవలసిన గుణాల గురించి జోన్స్ వ్రాశాడంటూ బ్యూయెల్ కల్పించిన ఉత్తరాన్ని అమెరికా నౌకా విద్యాలయం విద్యార్థులు ఆ తర్వాత కూడా దశాబ్దాల తరబడి కంఠస్థం చేశారు. ఎందుకంటే అందులోని మాటలు మంచివి!

ఈ వ్యాధి మనకు తెలియనిది కాదు. ప్రజలను ఖుర్ఆన్ పఠనం వైపు మరల్చాలన్న సదుద్దేశంతో సూరాల ఘనత గురించి హదీసులు కల్పించిన నూహ్ బిన్ అబీ మర్యమ్ ఉదంతం హదీసు శాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ తెలుసు. హదీసువేత్తలు అతని ఉద్దేశాన్ని చూసి క్షమించలేదు. 'మౌజూ' అని ముద్ర వేసి ప్రక్కన పెట్టారు. మత్న్ ఎంత అందమైనదైనా ఇస్నాద్ అబద్ధమైతే అది అబద్ధమే. ఈ కఠినత్వం ఎంత అవసరమో బ్యూయెల్ గ్రంథం చరిత్ర చూస్తే అర్థమవుతుంది.

మూడవది లిమాన్‌కు సంబంధించినదే. పోరాటానికి ముందు రాత్రి జోన్స్ ఒక కొసాక్ నావికునితో చిన్న పడవలో ఉస్మానియా నౌకల మధ్యకు వెళ్ళి, ఒక నౌక ప్రక్కన సుద్దతో అది దగ్ధం కావలసినదని వ్రాసి సంతకం చేసి వచ్చాడట. ఆ కొసాక్ చెప్పగా విన్నదంటూ చాలాకాలానికి అచ్చెక్కిన కథ ఇది. ఇబ్నె ఖల్దూన్ గీటురాయి మీద దీన్ని గీసి చూడండి. కాపలా ఉన్న యుద్ధ నౌకల మధ్యకు దళాధిపతి స్వయంగా వెళ్ళి, తన రాకను శత్రువుకు తెలియజేసే గుర్తు వదిలి వస్తాడా? కథలో తురుష్క కాపలావారు ఎందుకూ పనికిరాని మొద్దులైతేనే అది సాధ్యం. ఈ కథ జోన్స్ ధైర్యాన్ని చెప్పటం కన్నా, ఎదుటివారి గురించి కథ చెప్పేవారి అభిప్రాయాన్ని ఎక్కువగా చెబుతుంది.

ఈ గ్రంథాలలో అత్యుత్తమమైనది శామ్యూల్ ఎలియట్ మారిసన్ 1959లో ప్రకటించినది. దానికి మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి వచ్చింది. మారిసన్ స్వయంగా నావికుడు. అమెరికా నౌకాదళంలో రియర్ అడ్మిరల్ హోదా పొందిన చరిత్రకారుడు. బ్యూయెల్ కల్పనలను నిర్దాక్షిణ్యంగా ఏరివేశాడు. గాలి, ఆటుపోట్లు, తెరచాపల విషయంలో అతని మాటకు తిరుగు లేదు. జోన్స్ గర్వాన్ని, కీర్తి కాంక్షను దాచలేదు. ఇవన్నీ మెచ్చుకోదగినవి. కాని ఒక లోటు మిగిలిపోయింది. లిమాన్ కథకు పునాదిగా నిలిచినవి జోన్స్ కాగితాలు, నసావ్ ఉత్తరాలు, పొట్యోమ్‌కిన్ పరివారపు మాటలు. అంటే సాక్షులందరూ ఒకే ఒడ్డువారు. వాస్తవానికి రెండవ ఒడ్డు మూగది కాదు. అహ్మద్ వాసిఫ్ ఎఫెందీ వంటి ఆస్థాన చరిత్రకారులు ఆ కాలం గురించి వ్రాశారు. 1774 నుండి 1826 వరకు జరిగిన విషయాలను అహ్మద్ జౌదత్ పాషా 12 సంపుటాలలో గ్రంథస్థం చేశాడు. వాదిని మాత్రమే విని తీర్పు చెప్పే ఖాజీని మనం అంగీకరిస్తామా?

తన పక్షానికి వ్యతిరేకమైన సాక్ష్యం

జోన్స్ స్వయంగా లిమాన్ పోరాటం గురించి ఒక కథనం వ్రాసి మహారాణికి సమర్పించుకున్నాడు. అది 1830లో ఎడింబరోలో అతని జ్ఞాపకాల సంపుటాలలో అచ్చయింది. దీన్ని ఎలా చదవాలి? ఇది ఒక ఫిర్యాదుదారు అర్జీ. తన ఘనతను నసావ్ కాజేశాడని నిరూపించటం దాని లక్ష్యం. కనుక తన సలహాల గొప్పదనం గురించి, నసావ్ పిరికితనం గురించి అతడు చెప్పే మాటలను మరొక సాక్ష్యం లేకుండా స్వీకరించరాదు.

కాని అదే కథనంలో మరొక రకం సాక్ష్యం ఉన్నది. మేటలలో చిక్కి, ఎదిరించే శక్తి పోయిన ఉస్మానియా నౌకలను లోపలి మనుషులతో సహా తగులబెట్టటాన్ని అతడు క్రూరత్వమని ఖండించాడు. ఇది తాను జీతం తీసుకుంటున్న పక్షం చేసిన పని. వ్రాసింది ఆ పక్షపు మహారాణికి. ఓడిన తురుష్కుల మీద జాలి చూపి ఆ దర్బారులో అతడు పొందగల మేలు స్వల్పమే. తనవారికి వ్యతిరేకంగా మనిషి చెప్పిన మాటకు బరువు ఎక్కువ.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. నౌకలను కాల్చకుండా పట్టుకుని ఉంటే రష్యా దళానికి ఉపయోగపడేవని కూడా జోన్స్ వాదించాడు. పట్టుబడిన నౌకకు విలువ కట్టి పంచుకునే అలవాటున్న నావికునికి కాలిపోయే కొయ్యను చూసినా బాధ కలుగుతుంది. పైగా కాల్చింది తన ప్రత్యర్థి. కనుక ఇది దయా, లెక్కా, అసూయా? మూడూ ఉన్నాయని ఒప్పుకోవటమే న్యాయం. మనిషి మనసులో ఉద్దేశాలు విడివిడి గదులలో నివసించవు. సంకల్పాల పరీక్ష అల్లాహ్‌ది. చరిత్రకారుడు చూడవలసినది, చెప్పిన సంఘటన జరిగిందా లేదా అన్నది. నౌకలు మనుషులతో కాలిపోయాయన్నది అతని అసూయ వల్ల అబద్ధమైపోదు.

ఉస్మానియా నౌకాదళపు తెడ్లకు గొలుసులతో కట్టిన బందీలు కూడా ఉండేవారన్న సంగతి మనం మరువరాదు. ఆ దళంలో తురుష్కులే కాదు, అరబ్బులు, గ్రీకులు, ఇంకా అనేక జాతులవారు పనిచేసేవారు. వీరందరినీ గ్రంథాలు 'టర్క్' అన్న ఒక్క మాటలో ముంచివేశాయి. ఆ మాట వెనుక ఎవరి ముఖమూ కనిపించదు. ముఖం లేనివారు కాలిపోతే పాఠకునికి బాధ కలగదు. మారిసన్ వంటి ఉత్తమ చరిత్రకారుని గ్రంథంలో కూడా లిమాన్ విషాదం జోన్స్‌కు జరిగిన అన్యాయమే తప్ప, ఆ రమజాన్ మాసపు నీళ్ళలో కాలిన మనుషులది కాదు.

పేర్ల రాజకీయం

అనువాదకులు పదాల దగ్గర ఆగవలసి వస్తుంది. అప్పుడు గ్రంథకర్త ఆగకుండా దాటివేసినవి కంటబడతాయి. 'పైరేట్' అన్న పదం తీసుకోండి. తెలుగులో సముద్రపు దొంగ. బ్రిటిష్ పత్రికలు, వ్యంగ్యచిత్రాలు జోన్స్‌ను ఆ పేరుతోనే పిలిచాయి. అమెరికన్ చరిత్రకారులు దాన్ని ఖండిస్తారు. అతని చేతిలో ప్రభుత్వ నియామక పత్రమున్నది, అతడు యుద్ధంలో ఉన్న దేశపు అధికారి అంటారు. వాదన సరియైనదే. కాని అల్జీరియా నావికుల ప్రసక్తి రాగానే అదే చరిత్రకారుల కలం సంకోచం లేకుండా 'పైరేట్' అని వ్రాస్తుంది. వారి చేతిలోనూ వారి పాలకుల అనుమతి ఉన్నది. వారి లెక్కలో సంధి లేని దేశపు నౌక శత్రువు నౌకే. నిరాయుధులైన నావికులను పట్టుకుని చెరలో ఉంచటాన్ని మనం సమర్థించనక్కరలేదు. కాని కొలత ఒక్కటే కావాలి. పత్రం ఒకరిని అధికారిని చేస్తే రెండవవారినీ చేయాలి; దోపిడీ ఒకరిని దొంగను చేస్తే రెండవవారినీ చేయాలి. తూకంలో మోసం చేసేవారిని ఖుర్ఆన్ ఎంత తీవ్రంగా హెచ్చరించిందో మనకు తెలుసు. ఆ హెచ్చరిక అంగడి త్రాసుకే పరిమితమని ఎవరనుకున్నారు?

మన కొలత సంగతేమిటి?

ఇంతవరకు చదివి సంతోషించే పాఠకుడు మిగిలినదీ చదవాలి. ఆ కొలతను మనవైపు కూడా త్రిప్పకపోతే ఈ విమర్శకు విలువ లేదు.

హసన్ పాషా గురించి మనవైపు కూడా పొగడ్తల పొగ దట్టంగానే ఉన్నది. పెంపుడు సింహంతో తిరిగిన వీరుడని చెప్పుకోవటం అందరికీ ఇష్టం. చెష్మె పట్టణంలోని అతని విగ్రహం ప్రక్కన కూడా సింహం ఉన్నది. కాని 1779లో మొరియా ప్రాంతంలో అల్బేనియన్ సైనికులను అణచివేయటంలో అతడు చూపిన కాఠిన్యాన్ని గురించి చెప్పేవారు తక్కువ. ఆ అల్బేనియన్లలో ముస్లిములున్నారు. లిమాన్‌లోకి పెద్ద నౌకలను నడిపించిన నిర్ణయం వల్ల ఎందరి ప్రాణాలు పోయాయో చెప్పేవారూ తక్కువే. పరాజయాన్ని కేవలం శత్రువు క్రూరత్వానికి అంటగట్టటం సులభం. ఇసుక మేటల లోతు కొలిపించుకోని సేనానిని గురించి మాట్లాడటం కష్టం. చెష్మె తర్వాత పాఠశాల పెట్టవలసిన అవసరాన్ని గుర్తించినవాడే 18 ఏళ్ళ తర్వాత ఈ పొరపాటు చేయటం మనకు గుణపాఠం కావాలి.

ఇక జోన్స్ రష్యా జీవితంలో చివరి మచ్చ. 1789లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పది, పన్నెండేళ్ళ మధ్య వయసున్న ఒక బాలికను బలాత్కరించాడని అతనిపై నేరం మోపారు. ఫ్రెంచి రాయబారి సెగూర్ అతనికి అండగా నిలిచి, ఇది కుట్ర అని తన జ్ఞాపకాలలో వ్రాశాడు. కేసు ముందుకు సాగలేదు. పాత జీవిత చరిత్రలు సెగూర్ మాటతో తృప్తిపడి కథానాయకుణ్ణి నిర్దోషిని చేశాయి. కాని సెగూర్ స్నేహితుడు. పైగా పోలీసు అధికారికి జోన్స్ స్వయంగా వ్రాసి ఇచ్చిన వాంగ్మూలంలో ఆ బాలిక తన వద్దకు రావటాన్ని, తాను డబ్బివ్వటాన్ని ఒప్పుకుని, బలాత్కారాన్ని మాత్రమే కాదన్నాడు. ఆ ఒప్పుకోలు ఒక్కటే ఏ సంస్కారవంతునికైనా చాలు. ఆ పసిపిల్ల కూడా ఈ గ్రంథాలలో ముఖం లేని మనిషే. శత్రువు మీద నింద గనుక మనం దీన్ని పండుగ చేసుకోరాదు. వీరుడి మీద నింద గనుక వారు దీన్ని మరుగుపరచనూ రాదు. నేరం ఋజువు కాలేదన్నది ఎంత నిజమో, అతని మాటే అతనికి ఎదురు సాక్ష్యమన్నదీ అంతే నిజం.

చేరని ఉత్తరం

1789లో రష్యా వదిలిన జోన్స్ పారిస్ చేరి, పిలుపుల కోసం ఎదురుచూస్తూ ఆరోగ్యం చెడి, 1792 జూలై 18న 45వ ఏట మరణించాడు. 1785లో అల్జీరియావారు పట్టుకున్న రెండు అమెరికన్ నౌకలలో 21 మంది నావికులు చెరబడ్డారు. ఆ బందీల విడుదల గురించి అల్జీరియా పాలకునితో సంప్రదించటానికి జోన్స్‌ను నియమిస్తూ అధ్యక్షుడు వాషింగ్టన్ 1792 జూన్‌లో సంతకం చేశాడు. ఆ నియామక పత్రం పారిస్ చేరేసరికి జోన్స్ బ్రతికి లేడు. 1905లో అతని అవశేషాలను వెదికి తీసి అమెరికాకు తరలించారు. 1913 నుండి అవి అనాపొలిస్ నౌకా విద్యాలయంలో ఉన్నాయి.

చరిత్రలో జరగని సంగతి మీద తీర్పులు కట్టరాదు. కాని ఆ పత్రం మనకు ఒక విషయం స్పష్టం చేస్తుంది. లిమాన్‌లో ఒక ముస్లిం దళం మీద ఫిరంగి ఎక్కుపెట్టినవాడే నాలుగేళ్ళకు మరొక ముస్లిం రాజ్యంతో సంధి మాటలు ఆడటానికి తగినవాడని అతని ప్రభుత్వం భావించింది. కొలువు మారితే పని మారేది. అతణ్ణి ఇస్లాం శత్రువుగా చిత్రించాలనుకునే మనవారికి గాని, తురుష్క క్రూరత్వంపై దండెత్తిన వీరుడిగా చిత్రించాలనుకునే వారికి గాని ఈ జీవితం లొంగదు. అతడు పని వెదుక్కున్న నావికుడు. నేర్పు, ధైర్యం, గర్వం, పాపం అన్నీ ఉన్నవాడు. కాలుతున్న శత్రువును చూసి ఒక మాట అన్నవాడు. ఆ మాటను మనం భద్రపరచాలి, మిగిలినదాన్ని తూచాలి.

విరోధం న్యాయానికి అడ్డు రారాదన్న సూరా మాయిదా బోధ యుద్ధభూమికీ న్యాయస్థానానికీ మాత్రమే గాక గ్రంథాలయానికీ వర్తిస్తుంది. అందుకు కావలసినది ఆవేశం కాదు, శ్రమ. ఉస్మానియా చరిత్రకారుల గ్రంథాలను ఉర్దూ, తెలుగు పాఠకులకు అందించగల పండితులు మనలో తయారు కావాలి. అరబీ లిపి వచ్చిన మన విద్యార్థులకు ఆ పాత తుర్కీ పుటలు పూర్తిగా మూసిన తలుపులేమీ కావు. రెండవ ఒడ్డు సాక్షులు వచ్చి నిలబడనంతవరకు లిమాన్ మీద తీర్పు అసంపూర్ణమే. ఎవరి పక్షానైనా నిలబడే ముందు నిజం పక్షాన నిలబడే శక్తిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక.